నామినేషన్ కూడా ఒక వాదాయే



మా అడవులదీవి వైపు చాలాకాలం పరదేశం అంటే గల్ఫే. "సౌదీయా, కువైటా? కఫీల్ మంచోడేనా? ఇఖామా ఎన్నేళ్లు?" రిష్తా మాట్లాడేటప్పుడు కూడా మొదటి సవాళ్లు ఇవే. ఇప్పుడు రేపల్లె, తెనాలి, బాపట్లలో బీటెక్, నర్సింగ్ చదివిన పిల్లలున్న ఇళ్లలో వేరే మాట వినిపిస్తోంది. "నూట తొంభై వేద్దామా, నాలుగు వందల తొంభై ఒకటా?" అని పిల్లలు ఫోన్లలో మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చున్న దాదీలకు అవి బస్సు నంబర్లలా ఉంటాయి.

అవి ఆస్ట్రేలియా వీసాల నంబర్లు. హునర్ ఉన్నవాళ్లను ఆ దేశంలోని ఒక రాష్ట్రం "మా దగ్గరికి రండి" అని పేరు పెట్టి పిలిచే పద్ధతికి సంబంధించినవి. మా ఖాందాన్‌లోనే ఇద్దరు పిల్లలు ఈ లెక్కల్లో ఉన్నారు. మషూరాకు వచ్చినప్పుడల్లా వాళ్లకు చెప్పే మాటనే ఇక్కడ రాస్తున్నాను. ఒక రాష్ట్రం నామినేషన్ ఇస్తానంటే, అక్కడ బతకాలన్న నియ్యత్ ఉంటేనే తీసుకోండి. పాయింట్ల కోసం తీసుకుని, వీసా చేతికి రాగానే సిడ్నీకో మెల్బోర్న్‌కో బిస్తర్ కట్టేద్దామనుకుంటే మాత్రం ఆ దరఖాస్తు పెట్టకండి.

ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు హిసాబ్ అర్థం కావాలి.

మూడు నంబర్ల కథ

189 అనేది ఎవరి నామినేషనూ లేని పర్మనెంట్ వీసా. దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే అందరికీ అదే కావాలి, అందుకే అది దొరకడం కష్టం. 190కి ఒక రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేయాలి. ఇదీ పర్మనెంటే, దీనికి 5 పాయింట్లు అదనంగా వస్తాయి. 491కి 15 పాయింట్లు కలుస్తాయి కానీ అది పర్మనెంట్ కాదు. ఐదేళ్ల తాత్కాలిక వీసా. పాత 489 స్థానంలో 2019 నవంబర్‌లో వచ్చింది. దాని మీద వెళ్లినవాళ్లు "రీజినల్" అని ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలోనే నివసించాలి, అక్కడే పనిచేయాలి, చదువుకోవాలన్నా అక్కడే చదువుకోవాలి. మూడేళ్లు అలా గడిపి, ఆ మూడేళ్ల పన్ను లెక్కల నోటీసులు చూపిస్తే 191 అనే పర్మనెంట్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు.

రీజినల్ అనగానే మనవాళ్లు ఎడారి, కంగారూలు ఊహించుకుని ఘాబరా పడతారు. సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్, ఈ మూడు మహానగరాలు తప్ప ఈ లెక్కలో దాదాపు మిగతా దేశమంతా రీజినలే. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, హోబార్ట్, గోల్డ్ కోస్ట్ కూడా అందులోకే వస్తాయి. అడిలైడ్, పెర్త్‌లు ఒక్కొక్కటి పది లక్షలు దాటిన జనాభా ఉన్న షహర్‌లు. మన తెనాలివాడికి అడిలైడ్ "పల్లెటూరు" అనిపించడం కొంచెం హాస్యమే.

ఒక ఉదాహరణ చూద్దాం. 29 ఏళ్ల ఇంజనీరు, ఇంకా నికా కాలేదు. వయసుకు 30, డిగ్రీకి 15, ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్కో విభాగంలో 7 తెచ్చుకుంటే 10, ఐదేళ్ల అనుభవం ఒప్పుకుంటే 10, ఒంటరివాడు కాబట్టి 10. మొత్తం 75. దరఖాస్తుకు కనీసం కావాల్సింది 65 కాబట్టి కుర్రాడు ఖుషీ అవుతాడు. 65 వస్తే వరుసలో నిలబడే అర్హత వచ్చినట్టు, అంతే. పిలుపు ఎక్కువ పాయింట్లున్నవాళ్లకు ముందు వెళ్తుంది. 190తో అతనికి 80 అవుతాయి, 491తో 90. సాఫ్ట్‌వేర్ వాళ్లయితే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్ల అర్హతలు చూసే సంస్థ అనుభవంలో మొదటి కొన్నేళ్లను లెక్కలోంచి తీసేస్తుంది. "నాకు ఏడేళ్లుంది" అనుకున్నవాడికి కాగితం మీద ఐదే మిగలొచ్చు.

సీట్ల సంగతీ చూడండి. 2024-25లో ఆస్ట్రేలియా పర్మనెంట్ మైగ్రేషన్‌కు మొత్తం 1,85,000 స్థానాలు పెట్టింది. అందులో 189 రకానికి 16,900. రాష్ట్రాల నామినేషన్‌కు 33,000, రీజినల్‌కు ఇంకో 33,000. అంటే ఎవరి పిలుపూ లేకుండా వెళ్లే దారి కన్నా ఒక రాష్ట్రం పిలిస్తే వెళ్లే దారి దాదాపు నాలుగింతలు వెడల్పు. వయసు 33 నిండితే 30 పాయింట్లు 25కు దిగుతాయి, 40 నిండితే 15కు. 45 నిండితే తలుపు మూసుకున్నట్టే. 189 కోసం కూర్చుని కూర్చుని వయసు పాయింట్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. కాబట్టి నామినేషన్ తీసుకోవడం తెలివైన పనే. తగాదా అంతా ఏ నియ్యత్‌తో తీసుకుంటామన్న దగ్గరే.

డాక్టర్‌గారి బదిలీ

190లో ఒక చిత్రం ఉంది. నామినేషన్ ఇచ్చేటప్పుడు రాష్ట్రాలు "కనీసం రెండేళ్లు మా దగ్గరే ఉంటాం" అని మాట తీసుకుంటాయి. కానీ వీసా వచ్చాక దాని మీద ఆ షరతు ఉండదు. రెండో వారమే మెల్బోర్న్ రైలెక్కినా వీసా రద్దు కాదు. ఈ సందును పట్టుకునే కొందరు ఏజెంట్లు "తీసుకో భాయ్, తర్వాత నీ ఇష్టం, ఎవడూ అడగడు" అంటారు.

నిజమే, ఎవడూ అడగడు. అయితే ఆ అడగనితనం ఎవరి మీద పడుతుందో చూద్దాం.

మనం తీరప్రాంతం వాళ్లం. కాలువ చివరి నీళ్లు, రొయ్యల చెరువులు, మడ అడవులు, తుపాను హెచ్చరికలు మనకు తెలుసు. ఇంకొకటి కూడా బాగా తెలుసు. మన పల్లెలకు పోస్టింగ్ వేయించుకుని, జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, మూడు నెలలు తిరక్కుండా డిప్యుటేషన్ మీద పట్నానికి వెళ్లిపోయే ఉద్యోగులు. గ్రామీణ కోటాలో సీటు తెచ్చుకుని, గ్రామం ముఖం చూడని డాక్టర్లు. కాగితం మీద ఆ పోస్టు నిండే ఉంటుంది, కాబట్టి ఇంకొకరిని వేయరు. రాత్రిపూట ఆయాసం వచ్చిన ముసలమ్మను ఆటోలో రేపల్లెకో తెనాలికో తీసుకెళ్లేది మనమే. అప్పుడు ఆ డాక్టర్‌ని ఎన్ని మాటలంటాం! "ఇక్కడ ఉండే ఉద్దేశం లేనప్పుడు ఈ పోస్టు ఎందుకు తీసుకున్నాడు? ఉండేవాడికి వదిలేయాల్సింది" అంటాం. న్యాయమైన మాట.

టాస్మానియాలోనో దక్షిణ ఆస్ట్రేలియాలోనో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి నర్సు కావాలి. ఆ రాష్ట్రానికి కేంద్రం ఏడాదికి ఇన్నని లెక్కపెట్టి నామినేషన్లు ఇస్తుంది. అందులో ఒకటి మన పిల్లకు ఇచ్చారు. మన పిల్ల వీసా తీసుకుని సిడ్నీ వెళ్లిపోయింది. ఆ ఊరికి నర్సు రాలేదు, ఆ ఏడాది లెక్కలో ఒక సీటు మాత్రం ఖర్చయింది. ఆ ఊళ్లోనూ ఆయాసం వచ్చే ముసలమ్మ ఉంటుంది. మనం తిట్టిన డాక్టర్‌కూ మనకూ ఫరక్ ఏమిటి? మతం, భాష వేరైనంత మాత్రాన ఆ ముసలమ్మ హక్కు తగ్గిపోదు.

ఇంకో నష్టం కూడా ఉంది, అది మనకే. ఇచ్చినవాళ్లు నిలబడకపోతే రాష్ట్రాలు నియమాలు బిగిస్తాయి. ఇప్పటికే చాలా రాష్ట్రాలు తమ దగ్గరే ఉండి పనిచేస్తున్నవాళ్లకు ముందు చోటిస్తున్నాయి. బయటి దేశం నుంచి నేరుగా దరఖాస్తు పెట్టేవాళ్లకు మిగిలే చోటు తక్కువ. ఒకడు వాదా తప్పితే వెనకాల వచ్చే పదిమంది దాని సజా అనుభవిస్తారు.

కెనడా వైపు చూస్తున్నవాళ్లకూ ఇదే చెప్తాను. అక్కడ ఒక ప్రావిన్స్ నామినేట్ చేస్తే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఒకేసారి 600 పాయింట్లు పడతాయి, అంటే పిలుపు దాదాపు ఖాయం. పీఆర్ వచ్చినవాళ్లకు దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు అక్కడి రాజ్యాంగ చార్టర్‌లోనే ఉంది. కానీ ఉండే ఉద్దేశమే లేకుండా ఉంటానని దరఖాస్తులో రాయడం వేరు. అది తప్పుడు సమాచారం కిందికి వస్తే ఐదేళ్ల నిషేధం. పైగా 2025కు ఆ దేశం ప్రావిన్స్‌ల కోటా లక్ష్యాన్ని 1,10,000 నుంచి 55,000కు తగ్గించింది. సీట్లు అలా తగ్గిపోగల చోట అబద్ధంతో ఒకటి పట్టడం ఇంకా బరువైన పని.

కఫీల్‌తో పోల్చి చూడండి

"ఒక చోటనే కట్టిపడేస్తే అది గులామీ కాదా?" అని మా కుర్రాడొకడు అడిగాడు. మంచి సవాలే. వాళ్ల మామూ గల్ఫ్‌లో ఏళ్లతరబడి పనిచేశాడు. పాస్‌పోర్టు సేఠ్ దగ్గరే ఉండేది. పని మారాలంటే అతని ఇజాజత్, ఊరికి రావాలంటే అతని ఇజాజత్. అమ్మీ మయ్యత్‌కు కూడా సమయానికి రాలేకపోయాడు.

491లో కఫీల్ లేడు. ఒక యజమాని నచ్చకపోతే రీజినల్ ప్రాంతంలో ఇంకో యజమానిని చూసుకోవచ్చు. చట్టం ప్రకారం ఒక రీజినల్ ప్రాంతం నుంచి ఇంకో రీజినల్ ప్రాంతానికీ మారవచ్చు, నామినేట్ చేసిన రాష్ట్రానికి మాట ఇచ్చామన్న సంగతి మాత్రం మరవకూడదు. పాస్‌పోర్టు మన జేబులోనే ఉంటుంది. భార్యాపిల్లలు అదే వీసాలో వస్తారు. మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య సదుపాయంలో పేరు నమోదు చేసుకోవచ్చు. పౌరసత్వానికి చట్టబద్ధంగా నాలుగేళ్లు ఉండాలి, అందులో చివరి ఏడాది పర్మనెంట్ వీసా మీద గడపాలి. అంటే 491 మీద గడిపిన ఏళ్లు వృథా పోవు. ఇన్ని ఇచ్చి బదులుగా అడిగేది మూడేళ్లు ఒక ప్రాంతంలో ఉండమని. దీన్ని గులామీ అంటే మామూ అనుభవించినదానికి ఏ పేరు పెట్టాలి?

అయితే 491 తీపి ఒక్కటే చెప్పి ఊరుకోను. మూడేళ్లు పూర్తయ్యేదాకా అక్కడి నుంచి 189కో 190కో దూకడానికి వీల్లేదు. 191 వచ్చేదాకా అమ్మీ అబ్బాలను విజిట్ వీసా మీద తెచ్చుకోవడమే. తల్లిదండ్రుల కోసం ఉన్న వేరే వీసాలకు స్పాన్సర్ చేయాలంటే పర్మనెంట్ అయి ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ల తబియత్ ఎలా ఉంది, వాళ్ల దగ్గర ఎవరుంటారు అన్న మాట విమానం ఎక్కాక కాదు, ఇప్పుడే తేల్చుకోవాలి.

బహూని అడిగారా?

ఈ మొత్తం బాత్‌చీత్‌లో నాకు ఎక్కువ ఫికర్ కలిగించేది ఇదే. మగవాళ్లు కూర్చుని రాష్ట్రం ఎంచుకుంటారు. బీవీకి టికెట్ తేదీ చెప్తారు.

491 షరతు అతని ఒక్కడి మీదే కాదు, ఆమె మీద కూడా ఉంటుంది. ఆమె ఫార్మసీ చదివితే ఆ చిన్న ఊళ్లో ఆమెకు పని ఉందా? ఆమె ఆపా మెల్బోర్న్‌లో ఉంటే, ఆపా ఇంట్లో ఉండి అక్కడే ఉద్యోగం చేయడానికి ఈ వీసా ఒప్పుకోదు. అతను పొద్దున్నే వెళ్లిపోతే, బస్సు గంటకొకటి కూడా లేని చోట, డ్రైవింగ్ రాకుండా, పసిబిడ్డతో ఆమె ఏం చేస్తుంది? ఇక్కడ పక్కింటి ఖాలా, వెనకింటి చాచీ ఉన్నారు. అక్కడ ఎవరుంటారు? రాష్ట్రం ఎంచుకునే రోజే ఆమెను కూర్చోబెట్టి అడగాలి. ఆమె "నాకు భయంగా ఉంది" అంటే అది కూడా ఒక పాయింటే, ఏ పట్టికలోనూ లేకపోయినా.

రిష్తా మాట్లాడే పెద్దలకు కూడా ఒక మాట. 491ని "పీఆర్" అని చెప్పి పిల్లను అడగకండి. అది పీఆర్ కాదు, పీఆర్‌కు వెళ్లే దారి. ఆ దారిలో మూడేళ్లు రీజినల్ ప్రాంతంలోనే ఉండాలని అమ్మాయికి, అమ్మాయి అబ్బాకు ముందే చెప్పాలి. అబద్ధం మీద కట్టిన నికాకు బరకత్ ఎక్కడిది?

చిన్న ఊళ్లో దీన్ ఎలా?

"సిడ్నీలో మస్జిద్‌లున్నాయి, హలాల్ దుకాణాలున్నాయి, రీజినల్‌లో పిల్లల తర్బియత్ ఏం కావాలి?" అంటారు. ఈ ఫికర్ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ చరిత్ర తిరగేస్తే ఆస్ట్రేలియాలో మస్జిద్‌లు మొదట వెలిసింది ఈ రీజినల్ ప్రాంతాల్లోనే.

1860ల నుంచి అఫ్ఘానిస్తాన్, బలూచిస్తాన్, పెషావర్, పంజాబ్ వైపుల నుంచి ఒంటెలవాళ్లు ఆ దేశానికి వెళ్లారు. ఎడారి మధ్యలోకి సామాన్లు మోసింది వాళ్లే. వాళ్లందరినీ అక్కడివాళ్లు "అఫ్ఘాన్లు" అన్నారు. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే రైలుకు "ఘాన్" అన్న పేరు వాళ్ల గుర్తుగానే వచ్చిందంటారు. వాళ్ల చందాలతో అడిలైడ్‌లో 1888-89లో కట్టిన మస్జిద్‌లో ఈ రోజుకీ నమాజు జరుగుతోంది. గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో వాళ్లు రేకులతో కట్టుకున్న చిన్న మస్జిద్ ఇంకా నిలిచే ఉంది. పెర్త్‌కు దూరంగా ఉన్న కటానింగ్ అనే చిన్న ఊరికి 1970ల నుంచి క్రిస్మస్, కోకోస్ ద్వీపాల మలయ్ ముస్లింలు హలాల్ మాంసం ఫ్యాక్టరీలో పని కోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. విక్టోరియాలోని షెపర్టన్‌లో పండ్ల తోటల్లో పనికి వెళ్లిన అల్బేనియా ముస్లింలు 1960 నాటికే మస్జిద్ కట్టుకున్నారు.

వాళ్లెవరికీ ఊరు సిద్ధంగా దొరకలేదు. ఒంటెలవాళ్లలో చాలామందికి బీవీ పిల్లలను తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది. అయినా జమాత్ నిలబెట్టారు. మన పిల్లలు కుటుంబంతో, ఉద్యోగంతో, హక్కులతో వెళ్తున్నారు. జుమా ఎక్కడ, పిల్లలకు అరబీ ఎవరు చెప్తారు, ఖబరస్తాన్‌లో ముస్లింలకు చోటు ఉందా, ఈ మూడూ ఆ ఊరి మస్జిద్ కమిటీకి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. లేని చోట నలుగురు కలిసి మొదలుపెట్టవచ్చు.

తెలుగు మాట కూడా కరువు కాదు. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2016 జనాభా లెక్కల్లో 34 వేలకు పైగా ఉంటే, 2021లో 59 వేలు దాటారు. పక్క ఊళ్లో ఒక గుంటూరువాడు దొరకకపోడు.

రూపాయి, కాగితం, నిజం

మన వైపు ఈ వీసా కోసం అమ్మేది సాధారణంగా అరెకరం పొలమో, అమ్మీ గొలుసో. లేకపోతే సూద్ మీద అప్పు. దరఖాస్తు ఫీజే ఒక్కరికి నాలుగున్నర వేల ఆస్ట్రేలియా డాలర్లకు పైమాట. భార్యకు, పిల్లలకు వేరే. పరీక్షలు, అర్హతల పరిశీలన, మెడికల్ వేరే. అందుకే ఈ రెండు మాటలు గట్టిగా చెప్తాను.

ఒకటి, నామినేషన్ అమ్మకానికి ఉండదు. "ఇంత ఇస్తే ఫలానా రాష్ట్రం నామినేషన్ ఇప్పిస్తాను" అనేవాడు దగాకోరే. మొదట ఆసక్తి తెలిపే దరఖాస్తును స్కిల్‌సెలెక్ట్‌లో ఎవరికి వాళ్లు పెట్టుకోవచ్చు, దానికి రుసుము లేదు, రెండేళ్లు చెల్లుతుంది. ఏ వృత్తులవాళ్లు కావాలో ప్రతి రాష్ట్రం తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. చదువుకున్న పిల్లలు నాలుగు సాయంత్రాలు కూర్చుంటే అర్థమయ్యే పనే.

రెండు, అబద్ధపు అనుభవ పత్రాలు. "ఫలానా కంపెనీ లెటర్ తెప్పిస్తాం" అంటే లేచి వచ్చేయండి. తప్పుడు కాగితం అని తేలితే మూడేళ్లదాకా వీసా రాకుండా పోతుంది, ఎవరన్న గుర్తింపు విషయంలోనే మోసం అయితే పదేళ్లు. అలాగే మన పేర్ల గడబిడ ముందే సరిచేసుకోండి. పదో తరగతి మెమోలో ఒక షేక్, పాస్‌పోర్టులో ఇంకో షేక్, డిగ్రీలో ఉత్త ఎస్.కె. మనకు అవన్నీ ఒకటే, అక్కడి అధికారికి మూడు మనుషులు.

"అన్నీ సరిగా చేసి, నిజాయితీగా వెళ్లాక అక్కడ ఉద్యోగం దొరక్కపోతే?" అనొచ్చు. రిజ్క్ కోసం ప్రయత్నం చేయడం వాజిబే. 190 మీద వెళ్లినవాళ్లు నెలల తరబడి వెతికి, దరఖాస్తుల రికార్డు పెట్టుకుని, అయినా దొరక్కపోతే ఆ రాష్ట్రానికి రాసి చెప్పి కదలాలి. ప్రయత్నించి ఓడినవాడికీ, ఉండే ఉద్దేశమే లేనివాడికీ జమీన్ ఆస్మాన్ తేడా. మజ్బూరీని ఎవరూ తప్పు పట్టరు.

కాబట్టి పిల్లలకు నా సలాహ్ ఇది. రాష్ట్రం పేరు టిక్ చేసే ముందు ఒక కాగితం మీద ఆ ఊరికి ఎందుకు వెళ్తున్నారో రాయండి. అక్కడి ఆసుపత్రిలో నా పని ఉంది, మా వదినావాళ్లున్నారు, ఇంటి కిరాయి మాకు అందుతుంది, బీవీ ఒప్పుకుంది. ఇలా రెండు మూడు కారణాలు రాయగలిగితే బిస్మిల్లా అనండి. కాగితం మీద "15 పాయింట్లు" అన్న ఒక్క మాటే మిగిలితే, ఆ సీటును నిజంగా అక్కడికి వెళ్లేవాడికి వదిలేయండి. వాడు మన బాపట్లవాడే అయి ఉండొచ్చు.